అరవై రెండు మార్కుల ఇసుక

ఆ నగరానికి ఒకటే సముద్రతీరం ఉండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

రాజధాని నుంచి వచ్చిన ఓ పర్యాటక నిపుణుడు నగరపాలక సంస్థ వారి విందులో కొబ్బరినీళ్ళు తాగుతూ, "మీ ఊళ్ళో అన్నిటికన్నా మంచి తీరం ఏదండీ?" అని అడిగాడు. అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేవు గోడ దగ్గర మొదలై కొండ మొన దాకా తొమ్మిది కిలోమీటర్లు, అంతా ఒకటే ఇసుక. ఒక్కటే ఉన్నప్పుడు దేనికన్నా మంచిదని చెప్పాలి? నిపుణుడు జవాబు కోసం ఆగలేదు, రెండో బొండం అడిగాడు. నగరపాలక సంస్థ మాత్రం ఆ ప్రశ్నను అవమానంగా తీసుకుంది.

మూడు నెలలు తిరిగేసరికి తులనాత్మక తీర మూల్యాంకన విభాగం పుట్టింది. దానికి పరాంకుశం గారు ప్రత్యేకాధికారి. ఆయన మొదటి ఉత్తర్వు ఇది: "పోల్చుటకు కనీసము రెండు ఉండవలెను. ఏడు ఉన్నచో పోలిక ప్రశస్తముగా ఉండును."

పటం మీద స్కేలు పెట్టి ఆరు గీతలు గీశారు. తొమ్మిది కిలోమీటర్ల ఇసుక ఏడు తీరాలైంది. ఒక్కో గీతకు నేల మీద ఒక గుంజ పాతారు. సముద్రానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒడ్డున బతికేవాళ్ళకీ చెప్పలేదు.

ఒడ్డున మొదట తెలిసింది కొర్లయ్యకి. అరవై ఐదేళ్ళ మనిషి. మాట తక్కువ, ఆ తక్కువలోనూ తిట్లే ఎక్కువ. అతనికి ఉన్నదల్లా ఒక పెద్దవల. ఆ పేటలో ఆడవాళ్ళు వల అల్లరు. కొర్లయ్య పెళ్ళాం నూకాలు అల్లింది. వల అడుగున చేపలు చేరే సంచి మొత్తం ఆమె చేతిదే. రెండేళ్ళ కింద ఆమె పోయింది. సంచి ఉంది.

పెద్దవల లాగడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, పడవ మీద వల దింపుకుంటూ అర్ధచంద్రంలా తిరిగి, రెండో తాడు కొసను దూరంగా ఇంకోచోట ఒడ్డుకు చేరుస్తారు. ఈ తాడుకు పదిహేనుమంది, ఆ తాడుకు పదిహేనుమంది. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకరివైపు ఒకరు నడుస్తారు. చివరికి భుజం భుజం ఆనేలా నిలబడితేనే వల మూతి మూసుకుంటుంది, చేప సంచిలో పడుతుంది. దక్షిణం తాడుకు కొర్లయ్య పెద్ద. ఉత్తరం తాడుకు ఎల్లాజి పెద్ద. ఎల్లాజి నూకాలు తమ్ముడు. ముప్ఫై ఏళ్ళుగా బావా బావమరుదులిద్దరూ తిట్టుకుంటూ ఎదురెదురు నడిచి ఒకచోట ఆగేవారు.

ఆ రోజు పొద్దున వచ్చేసరికి వాళ్ళు ఆగే చోటే గుంజ ఉంది. ఎరుపూ తెలుపూ రంగు. దాని మీద బోర్డు: "మూడవ తీరము ఇచట ముగిసినది. నాలుగవ తీరము ఇచట ప్రారంభమైనది." గుంజ పక్కన కుర్చీ, కుర్చీలో కూర్మారావు. మూతపడిన సినిమాహాలులో ఇరవై ఏళ్ళు టికెట్లు చింపినవాడు. ఇప్పుడు తీర సహాయకుడు.

"ఏటిది కూర్మారావూ?" అన్నాడు కొర్లయ్య.

"గుంజండి."

"నాకూ కళ్ళున్నాయి. ఎందుకు?"

"పోలిక కాలమండి. నలభై రోజులు. ఈ తీరం మనిషి ఆ తీరానికి ఎల్లకూడదు. ఎల్తే ఈ మార్కులు ఆ మార్కుల్లో కలిసిపోతాయంట. ఎల్లాలంటే ఏడు తీరాలూ తిరిగి, ఏడిటికీ మార్కులేసి, ఆ పత్రం సూపించాల."

"ఏడూ తిరగాలంటే ఇది దాటాల గదా?"

కూర్మారావు ఆలోచించాడు. "దానికేరే అనుమతి ఉందంటండి. అదింకా అచ్చు కాలేదు."

నలభై రోజులు. నెత్తళ్ళనే చిన్న చేపలు గుంపులుగా ఒడ్డుకు వచ్చేదీ ఏడాదిలో ఆ నలభై రోజులే. ఆ రోజు వల వేశారు. ముప్ఫైమందీ లాగారు. గుంజకు ఇంకా రెండు బారల దూరం ఉండగానే కూర్మారావు ఈల ఊదాడు. ఇటు జట్టు ఇటే, అటు జట్టు అటే నిలబడిపోయారు. మధ్యలో నాలుగు బారల ఎడం. ఆ ఎడంలోంచి నెత్తళ్ళు తీరుబడిగా సముద్రంలోకి వెళ్ళిపోయాయి.

"లాగు బావా, మీ జట్టుకి గంజి తాగలేదేటి?" అని అరిచాడు ఎల్లాజి.

"నువ్వెనక్కి లాగుతున్నావురా ఎదవా! ముందుకి రా!"

"ముందుకొస్తే ఈలేస్తన్నాడు!"

సంచిలో ఒక పీత, రెండు చెప్పులు మిగిలాయి. చెప్పులు జత కావు.

మర్నాడు కొర్లయ్య విభాగం కార్యాలయానికి వెళ్ళాడు. గోడకు ఏడు రంగుల పటం. పరాంకుశం గారి బల్ల మీద ఏడు గాజుసీసాలు. సీసా నిండా ఇసుక, సీసాకో చీటీ.

"మీ వల ఏ తీరమునకు చెందినది?" అని అడిగారు ఆయన.

"సంద్రానికండి."

"సముద్రమును మేము ఇంకనూ విభజించలేదు. అది రెండవ దశలో ఉన్నది. ప్రస్తుతానికి తీరము చెప్పండి."

"సగం మూడులో ఉంటాది, సగం నాలుగులో ఉంటాది."

"అట్లయిన అవి రెండు వలలు. విడివిడిగా నమోదు చేయించి, విడివిడిగా లాగుకొనవచ్చును. విభాగమునకు అభ్యంతరము లేదు."

"బాబూ, లాగు రెండు కాళ్ళనీ విడదీసి ఇద్దరికిస్తే ఒక్కడి మానమైనా దక్కుతాదా?"

పరాంకుశం గారు దాన్ని కాగితం మీద రాసుకున్నారు. ఉపమానం అని పక్కన గుర్తు పెట్టుకున్నారు. తర్వాత మార్కుల పట్టీ చూపించారు. వెడల్పు, తెలుపు, వాసన, సందర్శకుల చిరునవ్వు, అసంతృప్తి అని గళ్ళు. మూడో తీరానికి నలభై ఒకటి. అన్నిటికన్నా తక్కువ. నాలుగో తీరానికి అరవై రెండు. అన్నిటికన్నా ఎక్కువ.

"పక్కపక్కనున్న ఇసకే గదండీ! ఇంత తేడా ఎక్కడిది?"

"వెడల్పు. మీ తీరము ఇరువది అడుగులు. నాలుగవది తొంబది."

"ఎప్పుడు కొలిసినారు?"

పట్టీలో ఉంది. మూడో తీరం ఉదయం పదిన్నరకు. తర్వాత టీ, భోజనం. నాలుగో తీరం సాయంత్రం నాలుగున్నరకు.

కొర్లయ్య తల పట్టుకున్నాడు. "పదిన్నరకి పోటు మీదుంది బాబూ సంద్రం. నాలుగున్నరకి ఎనక్కెల్లిపోయింది. సాయంత్రం మళ్ళీ కొలవండి, మాదీ తొంబయ్యే ఉంటాది."

"మేము కార్యాలయ పనివేళల ప్రకారము కొలిచితిమి," అన్నారు పరాంకుశం గారు నొచ్చుకుని. "సముద్రము తన పనివేళలను విభాగమునకు లిఖితపూర్వకముగా తెలియజేయలేదు."

కొర్లయ్య లేచాడు. పరాంకుశం గారికి జాలి వేసింది కాబోలు, కూర్చోమని సైగ చేసి గొంతు తగ్గించారు.

"మీకు చెప్పవలసిన కఠిన వాస్తవము ఒకటి ఉన్నది. నలభైవ రోజున నిపుణులు వచ్చి తుది స్థానములు నిర్ణయింతురు. ఏడవ స్థానములో నిలిచిన తీరము జాబితా నుండి తొలగించబడును. ఇక దానికి బోర్డు ఉండదు. గుంజ ఉండదు. సహాయకుడు ఉండడు. విభాగమునకు ఆ ఇసుకతో ఏ సంబంధమూ ఉండదు."

కొర్లయ్య మళ్ళీ కూర్చుని బల్ల మీదికి వంగాడు.

"ఏ సంబంధమూ?"

"ఏదియూ."

"గుంజ కూడా ఉండదు?"

"ఉండదు. ధైర్యము తెచ్చుకొనుడు."

"ఒట్టేయండి," అన్నాడు కొర్లయ్య.

ఆ సాయంత్రం కొర్లయ్య గుంజకు ఇటు నిలబడి, అటు ఉన్న బావమరిదికి సంగతి చెప్పాడు. మూడో తీరం ఏడో స్థానంలోనే ఉండాలి. కాని అదొక్కటే సరిపోదు. ఉత్తరం తాడు నాలుగులో ఉన్నంతకాలం నాలుగో తీరం తరఫున మధ్యలో గుంజ ఉండనే ఉంటుంది. రెండు జట్లూ ఒకే తీరంలో పడాలి. ఆ తీరం చివరిది కావాలి.

"అంటే నన్ను మూడుకి రమ్మంటావేటి?" అన్నాడు ఎల్లాజి.

అప్పుడు చూశాడు కొర్లయ్య. ఎల్లాజి భుజం మీద నుంచి నడుం దాకా ఆకుపచ్చ పట్టు పటకా. దాని మీద బంగారు రంగు అక్షరాలతో "ఆదర్శ తీరవాసి". విభాగం వాళ్ళు ఆ మధ్యాహ్నమే తొడిగి ఫొటో తీసుకున్నారట.

"ఇదేట్రా మెళ్ళో?"

"మాది అరవై రెండు బావా."

"ఏటి అరవై రెండు? నీ వయసా?"

"మారుకులు. ఈ ఇసకకున్నాయి. మొన్నటిదాకా మనకి తెలీలేదు గాని, ఈ ఇసక పెట్టి పుట్టింది." ఎల్లాజి కాలితో ఇసుకను నెమ్మదిగా సవరించాడు. "మీవైపుది ముతక. అప్పటికీ మా నూకాలప్ప అనేది."

"మీ అప్ప ఎప్పుడూ అనలేదు."

"అనుకునేది."

కొర్లయ్య ఉమ్మేశాడు. అది గుంజకు అవతల పడింది. కూర్మారావు లేచి, ఉమ్ము పడ్డచోట ఇసుక తవ్వి ఇవతల పోశాడు.

ఆ తర్వాత వారం నగరం నిండా పోలికే. సముద్రం చూద్దామని వచ్చిన కొత్త దంపతులకు తలా ఒక పత్రం ఇచ్చి ఏడు తీరాలూ తిప్పారు. ఐదో తీరం దగ్గర పెళ్ళికూతురు కూలబడి, ఇంక ఈ జన్మలో సముద్రం చూడనని ఏడ్చింది. చిరునవ్వు గడిలో సున్నా పడింది. ఆరో తీరం వాళ్ళు ఫిర్యాదు చేశారు, ఆమె తమ తీరానికి వచ్చి ఉంటే నవ్వి ఉండేదని.

ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. కొన్ని తీరాలు వెడల్పు, కొన్ని ఇరుకు, అన్యాయం అన్నారు. పరాంకుశం గారు సమానీకరణకు ఉత్తర్వు ఇచ్చారు. "అసమానములైన వాటిని పోల్చుట అశాస్త్రీయము. ముందుగా అన్నిటినీ సమానము చేసి, పిదప పోల్చవలెను." లారీలు వచ్చాయి. నాలుగో తీరం ఇసుక మూడులో పోశాయి, మొదటిది ఆరులో పోశాయి, ఎక్కువైంది మళ్ళీ వెనక్కి తెచ్చాయి. పన్నెండు రోజులకు ఏడూ సమానమయ్యాయి. మార్కులు వేస్తే ఏడిటికీ యాభై ఒకటిన్నర వచ్చింది.

పరాంకుశం గారు రెండు రోజులు సెలవు పెట్టారు. వచ్చి ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. "తేడాలను తక్షణమే పునరుద్ధరించవలెను. ఏదో ఒక తీరము వెనుకబడుటకు ముందుకు రావలెను." ఎవరూ రాలేదు. కొర్లయ్య చెయ్యెత్తాడు. అతని చెయ్యి ఎవరూ చూడకపోయినా ఫలితం ఒకటే అయింది, పాత పట్టీ ప్రకారం మూడో తీరాన్నే ఎంచారు. ఏడు తీరాల్లో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళందరినీ చాపలతో, గంపలతో సహా మూడుకు పంపారు. దానికి పెట్టిన పేరు వాసన కేంద్రీకరణ.

వచ్చినవాళ్ళలో ఎల్లాజి భార్య బంగారమ్మ ఉంది.

"అన్నయ్యా, ఈ గుంజ నా కాపురం మధ్యలో దిగింది," అంది గంప దించి. "మొగుడు నాలుగులో, నేను మూడులో. అన్నం అట్టుకెల్తే ఈ కూర్మారావు అన్నం దాటొచ్చు, గిన్ని దాటకూడదంటాడు. గిన్ని అడుగున మూడో తీరం ఇసక ఉంటాదంట."

"మరేటి సేసినావు?"

"అరిటాకులో ఇసిరినాను. తిన్నాడు. పటకా మీద పులుసు పడిందని నన్నే తిట్టినాడు."

గుంజ అవతల ఎల్లాజి పటకా ఎండలో ఆరేసుకుంటున్నాడు. చుట్టూ తెల్లని ఇసుక. చేప లేదు, చాప లేదు. అతని జట్టు పద్నాలుగుమందీ పని లేక కూర్చుని ఉన్నారు. కోడళ్ళూ కూతుళ్ళూ ఇవతల ఉన్నారు. ముప్ఫై రెండు రోజులైంది. ముప్ఫై రెండు రోజులుగా ఎవరి పొయ్యి మీదా నెత్తళ్ళు లేవు.

నలభైవ రోజు ఉదయం నిపుణుడు వచ్చాడు. విందులో ప్రశ్న అడిగినవాడే. తాను అడిగింది అతనికి గుర్తు లేదు. గుంజకు పది అడుగుల దూరాన షామియానా వేశారు. "స్థానిక సంప్రదాయ ప్రదర్శన" అని కార్యక్రమంలో అచ్చు వేశారు కాబట్టి ఆ ఒక్క రోజు వల వేయమని విభాగమే బతిమాలింది.

కొర్లయ్య వల వేశాడు. నీటి రంగు చూసి వేశాడు. తాడు పట్టుకోగానే అందరికీ తెలిసింది. బరువు. నలభై రోజులు ఎవరూ ముట్టని నెత్తళ్ళు. పదిహేనుమందీ తాడు బిగించి పట్టారు. ఇటు నుంచి కొర్లయ్య జట్టు, అటు నుంచి ఎల్లాజి జట్టు అడుగు అడుగే దగ్గరయ్యారు. నిపుణుడు కుర్చీ అంచుకు జరిగాడు.

గుంజ వచ్చింది. కూర్మారావు ఈల ఊదాడు.

నాలుగు బారల ఎడం. ఆ ఎడంలో నీరు వెండిలా ఉడుకుతోంది. నెత్తళ్ళు కారిపోవడం మొదలైంది.

"ఆగిపోయారేమిటి?" అన్నాడు నిపుణుడు.

"పోలిక కలుషితము కాకుండుటకు సర్," అన్నారు పరాంకుశం గారు.

కొర్లయ్య తాడు నడుముకు చుట్టుకుని మడమలు ఇసుకలో దిగ్గొట్టాడు. "కూర్మారావూ! నీ కాగితంలో ఏటుందో సదువు!"

కూర్మారావు జేబులోంచి తీసి చదివాడు. "పోలిక కాలమున ఏ వ్యక్తియూ సరిహద్దు గుంజను దాటరాదు."

"మనిషి గుంజని దాటకూడదు. గుంజ మనిషిని దాటకూడదని ఉందా?"

కూర్మారావు కాగితం అటూ ఇటూ తిప్పాడు. వెనక పక్క ఖాళీ. "లేదండి."

"ఎల్లాజీ!" అని అరిచాడు కొర్లయ్య. "గుంజ పీకు. నీ జట్టెనక పాతు!"

ఎల్లాజి అర్థం చేసుకున్నాడు. గుంజ తన వెనక్కి వెళితే తాను ఉన్నది మూడో తీరం. నలభై ఒకటి. అతను పటకా వైపు చూసుకున్నాడు. షామియానా కింద ఫొటోగ్రాఫరు ఉన్నాడు.

"బావా, ఇది ఆకరి తీరం బావా."

"అవును."

"జనం నవ్వుతారు."

"నవ్వనీ. అది ఎవుల సంచో తెలుసునా నీకు?"

ఎల్లాజి సంచి వైపు చూశాడు.

"నీ అప్ప పెద్ద గుంటణ్ణి కని బాలింతగా ఉండి అల్లింది. నువ్వే దారం కండెలందించావు. నాను తిడతానని ఇద్దరూ నాకు సెప్పలేదు. అందులోంచి పోతున్నాయి సూడు."

"ఎదవ అరవై రెండూ నువ్వూ!" అని ఇవతల నుంచి కేకేసింది బంగారమ్మ. "ఆ మారుకులు ఏపుకు తింటావా?"

ఎల్లాజి తాడు పక్కవాడికి ఇచ్చాడు. గుంజను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. విభాగం వాళ్ళు దాన్ని అడుగున్నర లోతులోనే పాతారు, మూడడుగులని రాసుకున్నారు. వచ్చేసింది. బోర్డుతో సహా భుజాన వేసుకుని తన జట్టు వెనక్కి పరుగెత్తి, ఆఖరి మనిషికి పది అడుగుల అవతల ఇసుకలో గుచ్చాడు.

కూర్మారావు కుర్చీ ఎత్తుకుని గుంజ వెనకే వెళ్ళాడు. అతని పని గుంజ పక్కన కూర్చోవడం.

రెండు జట్లూ భుజం భుజం ఆనుకున్నాయి. వల మూతి మూసుకుంది. ముప్ఫైమందీ అరుచుకుంటూ లాగారు. సంచి ఒడ్డుకు వచ్చింది, దూడంత బరువుతో. మూతి కట్టే తాడు తెగిపోయి ఉంది. ఎల్లాజి భుజం మీది పటకా లాగి సంచి మెడకు బిగించి కట్టాడు. "ఆదర్శ" అన్నంత వరకే కనిపించింది.

పరాంకుశం గారు పరుగున వచ్చారు. నోరు తెరిచారు. కాగితం చదువుకున్నారు. ఎవరూ గుంజను దాటలేదు. గుంజకు ఇటు మూడో తీరం, అటు నాలుగో తీరం. బోర్డు మీద రాసింది నిజం. నోరు మూసుకున్నారు.

మార్కులు మధ్యాహ్నం వేశారు. మూడో తీరం: రెండు జట్లూ, పడవ, వల, నెత్తళ్ళు, ఎండు చేపలు, బంగారమ్మ నోరు. పదకొండు మార్కులు. చివరి స్థానం. నాలుగో తీరం: మనిషి లేడు, వాసన లేదు, చెత్త లేదు, అడుగుజాడ లేదు. సందర్శకుల అసంతృప్తి గడిలో సున్నా, సందర్శకులు లేరు కనుక. నూటికి నూరు. ఆ సాయంత్రం కూర్మారావు నాలుగో తీరం గుంజకు కొత్త జెండా కట్టాడు. మూడో తీరాన్ని జాబితా నుంచి తొలగించినట్టు పరాంకుశం గారు కొర్లయ్యకు కాగితం ఇచ్చి, చెయ్యి పట్టుకుని సానుభూతి తెలిపారు. ఆయన కళ్ళు చెమర్చాయి. కొర్లయ్య కళ్ళు చెమర్చలేదు. కాగితంలో నెత్తళ్ళు కట్టి ఆయనకే ఇచ్చాడు.

మర్నాడు నిపుణుడికి పదింటికి రైలు. పోయేముందు ఊళ్ళోకెల్లా మంచి తీరంలో ఒక్క నిమిషం కూర్చుని పోదామనుకున్నాడు. జెండా చూసుకుని వచ్చాడు. కూర్మారావు కుర్చీలోంచి లేచి చేతులు అడ్డం పెట్టాడు.

"లోపలికెల్లకూడదండి."

"నేనేనయ్యా దానికి మొదటి స్థానం ఇచ్చింది."

"అందుకేనండి. తమరు అడుగెట్టేరంటే రెండోదైపోద్ది."

నిపుణుడు కాసేపు ఆ తెల్లని ఇసుకను బయట నుంచే చూశాడు. చూడ్డానికి ఏమీ లేదు. పొగ వాసన వచ్చి తల తిప్పాడు. కొంచెం అవతల బావా బావమరుదులు చిరిగిన వల బాగుచేసుకుంటున్నారు. ఎల్లాజి దారం అందిస్తున్నాడు, కొర్లయ్య ముడి సరిగా లేదని తిడుతున్నాడు. మూడు రాళ్ళ పొయ్యి మీద బంగారమ్మ నెత్తళ్ళు వేపుతోంది.

నిపుణుడు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇది ఎన్నో తీరం?"

కొర్లయ్య వల మీంచి తల ఎత్తలేదు.

"దీనికి నెంబర్లేదు బాబూ," అన్నాడు. "కూకోండి."